బసవపున్నయ్య బాగుచేస్తే ఇంకో మనిషి కావాలి

లోకంలో ఎవరు దేన్ని బాగుచేసినా పని తేలికవుతుంది. బసవపున్నయ్య బాగుచేస్తే మాత్రం ఆ పనికి ఇంకో మనిషి కావలసి వస్తుంది. ఇది ఆయన భార్య సీతారావమ్మ ఇరవై రెండేళ్ళ కాపురంలో కనిపెట్టిన సూత్రం. ఆయన చదివింది బీయస్సీ, ఆమె చదివింది మూడో తరగతి. నాలుగో తరగతికి తను భయపడలేదనీ, పంతులే భయపడ్డాడనీ ఆమె చెప్పుకుంటుంది. ఏమైనా ఆ ఇంట్లో పుట్టిన సూత్రాల్లో ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పు పడనిది ఇదే.

వీధితలుపు గడియ బిగుసుకుపోయిందని ఆమె ఒకసారి నోరు జారి అన్నది. ఆదివారమంతా ఆయన సుత్తి పట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి గడియ వెన్నలా జారింది. కాకపోతే ఒకరు తలుపును బెత్తెడు పైకెత్తి పట్టుకుంటేనే రెండోవాళ్ళు దాన్ని లాగగలరు.

"చూడు సీతా, ఎంత సుతారంగ పోతుందో!"

"అవ్, సుతారమే. రేపటి నుంచి నేనొక్కదాన్నే ఉంటే కిటికీలకెళ్ళి దూరుత ఇంట్లకు."

ఆ తరువాత వాళ్ళిద్దరూ సత్తుపల్లి దగ్గర ఆమె పుట్టింటికి పెళ్ళికి పోయినప్పుడు కాలనీలో దొంగతనం జరిగింది. వరసగా నాలుగిళ్ళు ఊడ్చిన దొంగ వీళ్ళ ఇంటి ముందు మాత్రం ఓడిపోయాడు. తాళం పగలగొట్టాడు గానీ గడియ తీయలేకపోయాడు. పాపం, ఒక్కడే వచ్చాడు.

దోమతెర కూడా అంతే. చిరుగులు కుట్టి, అంచుకు తాళ్ళు కట్టి, ఒక్క దోమ దూరకుండా బాగుచేశాడు. లోపల మనిషి పడుకున్నాక బయటి నుంచి ఇంకో మనిషి ముడి వేయాలి. బయట ముడి వేసిన మనిషి తెల్లారేదాకా ఏమైపోవాలో ఆయనకు తట్టలేదు.

ఇక ఊకపొయ్యి. మామూలు ఊకపొయ్యి పొగ పెడుతుందని, దానికి కింద ఒక రేకు పంకా, పంకాకు ఒక చక్రం బిగించాడు. ఒకరు వంట చేస్తుంటే ఒకరు చక్రం తిప్పాలి. రోజూ పొద్దున్నే ఆయన పీట వేసుకుని చక్రం తిప్పుతుంటాడు, ఆమె కాఫీ మొదలుకుని కూరదాకా కాచి దించుతుంది. ఆ రోజుకు తిట్టవలసిన తిట్లన్నీ ఆ గంటలోనే తిట్టేస్తుంది. ఆమె నోరు, ఆయన చెయ్యి ఒకే వేగంతో తిరుగుతాయి. ఆమె ఆగితే ఆయన చెయ్యి ఆగుతుంది, పొయ్యి ఆరుతుంది. అందుకని ఆమె ఆగదు.

పక్క క్వార్టరు నిర్మలాదేవికి ఒక అనుమానం వచ్చింది. "మధ్యాన్నం అన్నయ్యగారు ల్యాబుల ఉంటరు గదా వదినా, మరి అప్పుడు చక్రం ఎవరు తిప్పుతరు?"

"నీకెందుకమ్మా? నువ్వొచ్చి తిప్పుతవా?" అని సీతారావమ్మ ఆ అనుమానాన్ని అక్కడే చంపేసింది.

అది ఎనభై మూడో సంవత్సరం. పాల్వంచ దాటి భద్రాచలం పోయే దారిలో, టేకుచెట్ల అంచున, బొగ్గు పరీక్షించే చిన్న ల్యాబు ఒకటి ఉండేది. దాన్ని ఆనుకుని పన్నెండు క్వార్టర్లు. ఆ ల్యాబులో బసవపున్నయ్య చేసే పనేమిటో సీతారావమ్మ ఎవరికైనా గుక్క తిప్పుకోకుండా చెప్పగలదు. చిటికెడు బొగ్గుపొడిని బిళ్ళగా చేసి ఒక ఉక్కు చెంబులో పెడతారు. అందులోకి ఆక్సిజన్ ఎక్కించి, మూత బిగించి, చెంబును నీళ్ళ పాత్రలో ముంచుతారు. మీట నొక్కితే లోపల బొగ్గు భగ్గుమంటుంది. చుట్టూ ఉన్న నీళ్ళు ఎంత వేడెక్కాయో థర్మామీటరులో చూసి, ఆ బొగ్గులో ఎంత వేడి ఉందో లెక్క కడతారు. దాని పేరు కేలరీమీటరు.

"ఆ బొగ్గేదో పొయ్యిల పెట్టి అన్నం వండితే తెల్వదా, మంచిదో కాదో? దానికి బీయస్సీ కావాల్నా?" ఇది ఆమె ముక్తాయింపు.

అలాంటి పరికరం మీద బసవపున్నయ్య చెయ్యి పడకుండా ఉంటుందా? నీళ్ళ వేడి అంతటా సమంగా ఉండాలంటే వాటిని విడవకుండా కలుపుతూ ఉండాలి. కంపెనీవాడు అందుకు ఒక బుల్లి మోటారు పెట్టి పంపాడు. రెండేళ్ళ క్రితం ఒకనాడు ఆ మోటారు కాలిపోయిందని బసవపున్నయ్య రిజిస్టరులో రాశాడు. దాని చోట ఒక కవ్వం బిగించాడు. అచ్చంగా మజ్జిగ చిలికే కవ్వమే, తాడుతో సహా. కవ్వంతోపాటు దాన్ని తిప్పడానికి దగ్గరి గూడెం నుంచి కన్నమ్మ వచ్చింది.

థర్మామీటరులో పాదరసం వెంట్రుకంత గొట్టంలో పట్టుకుని అక్కడక్కడా ఆగిపోతుంది. చూసే ముందు దాన్ని మెల్లగా తట్టాలి. తట్టడానికి కూడా కంపెనీవాడు కరెంటుతో ఆడే చిన్న సుత్తి ఒకటి పెట్టాడు. ఆరునెలలకు అదీ కాలిపోయింది. దాని బదులు కొసకు రబ్బరు తొడిగిన వెదురుపుల్ల వచ్చింది. పుల్లతోపాటు బొజ్జయ్య వచ్చాడు. కల్లు గీస్తూ జీలుగు చెట్టు మీంచి పడి కాలు విరిగిన మనిషి, ఇక చెట్టు ఎక్కలేడు. పడుకున్న పసిబిడ్డను లేపినట్టు తట్టేవాడు.

బసవపున్నయ్య దగ్గర యంత్రాలు కాలిపోయి మనుషులై పుడతాయని కాలనీలో చెప్పుకునేవారు.

సీతారావమ్మ ఊరుకుంటుందా? పొయ్యి దగ్గర నిలదీసింది.

"మోటారు కాలితే బాగుచేయించొచ్చు గదా! ఖమ్మంల షాపులు లేవా?"

"అది కాదు సీతా. మోటారు తిరిగితే దానిల కూడ వేడి పుడుతది. ఆ వేడి నీళ్ళల కలుస్తది. అప్పుడు బొగ్గుకు లేని గొప్ప మనం అంటగట్టినట్టు అయితది."

"మరి కన్నమ్మకు వేడి పుట్టదా?"

ఆయన చక్రం ఇంకో రెండు చుట్లు తిప్పాడు. "కన్నమ్మ వేడి కన్నమ్మ దగ్గరనే ఉంటది."

కన్నమ్మ కవ్వం తిప్పేటప్పుడు తమ గూడెం పాట ఒకటి కూనిరాగం తీసేది. పాట ఎట్లా నడిస్తే కవ్వం అట్లా నడిచేది. నిమిషానికి నలభై తిప్పులు, ఎప్పుడు లెక్కపెట్టినా నలభైయే. ల్యాబు కిటికీ సీతారావమ్మ పెరటివైపే ఉండేది కాబట్టి ఆమె ఆ పాటకే బట్టలు ఉతికేది. అది మాత్రం బయటికి ఒప్పుకునేది కాదు.

మోటారు కాలిపోయిన నెలలోనే ఇంకో ఘోరం జరిగింది. దండెం మీద ఆరేసిన సీతారావమ్మ ఆకుపచ్చ చీర మాయమైంది. ఆ వారమే నిర్మలాదేవి తనకు ఆకుపచ్చ రంగు నప్పుతుందని ఎవరితోనో అన్నది. సీతారావమ్మకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది. అప్పటి నుంచి ఆ రెండు ఇళ్ళ మధ్యా ఒక ప్రశ్న, ఒక ఎత్తిపొడుపు తప్ప ఇంకో మాట లేదు.

ఆషాఢంలో హెడ్డాఫీసు నుంచి కాగితం వచ్చింది. వెంకటరామారావు అనే పెద్ద ఆఫీసరు స్వయంగా వచ్చి ల్యాబు చూస్తాడట. కేలరీమీటరు సరిగ్గా పలికితే సరి. లేకపోతే కొత్త మోటారు మిషను వస్తుంది, కవ్వం మనిషీ పుల్ల మనిషీ ఇళ్ళకు పోతారు.

ఆ సాయంత్రం కన్నమ్మ పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి గోడకానుకుని కూర్చుంది.

"అమ్మా, పెద్దసారు వస్తుండంట. మమ్మల తీసేస్తడంట."

"ఎవరు చెప్పిండ్రు?"

"మన సారే చెప్పిండు. భయపడకు, కవ్వం మంచిగ తిప్పు అన్నడు."

"ఆయన భయపడకు అన్నడంటే భయపడాల్సిందే" అన్నది సీతారావమ్మ.

కన్నమ్మ నవ్వలేదు. "నా మొగడు తునికాకు పనికని గోదారి అవతలికి పోయి ఆడనే ఇంకో కాపురం పెట్టిండు. మీకు ఎర్కనే గదమ్మా. ఈ పని పోతే నేను మిరపతోటలకు వలస పోవాలె. పిల్లలిద్దరిని బడి మానిపించి ఎంట తీస్కపోవాలె. చిన్నది ఇప్పుడిప్పుడే ఒత్తులు రాస్తున్నది."

మూడో తరగతిలో ఆగిపోయిన మనిషికి ఒత్తుల విలువ తెలుసు. సీతారావమ్మ లోపలికి పోయి గిన్నెడు చల్లన్నం, ఆవకాయ ముక్క తెచ్చి ఆమె ముందు పెట్టింది. "ఏడుపు మొహంతోని తిప్పితే నీళ్ళు గూడ ఏడుస్తయి. తిను ముందు."

మర్నాడు పొయ్యి దగ్గర బసవపున్నయ్యకు రెండు రోజుల తిట్లు ఒకేసారి పడ్డాయి. "మోటారు అప్పుడే బాగుచేయిస్తే ఇంతదూరం వచ్చేదా? ఇద్దర్ని తెచ్చి ఆశపెట్టి, ఇప్పుడు నడిరోడ్డు మీద నిలబెడతరా?" చక్రం ఆ రోజు కొంచెం జోరుగా తిరిగింది.

ఆఫీసరు వచ్చే నాటికి ముసురు పట్టి వాగు పొంగింది. కన్నమ్మ గూడెం ఇవతల, బొజ్జయ్య ఊరు అవతల. బొజ్జయ్య అవతలి ఒడ్డున నిలబడి తువ్వాల ఊపుతున్నాడని లారీ డ్రైవరు చెప్పిపోయాడు. బసవపున్నయ్య తడుస్తూ ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"సీతా, ఒక మనిషి కావాలె."

"ఎప్పుడు వద్దు గనక!"

అన్నదే గానీ, ఆమె ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, బొట్టు దిద్దుకుని బయలుదేరింది. వెదురుపుల్ల పట్టుకోవడానికి పోతున్న మనిషి పంచాయితీ తీర్పు చెప్పడానికి పోతున్నట్టు నడిచింది.

ల్యాబులో తలుపులు మూసి, ఫ్యాను ఆపి ఉంచారు. గాలి తగిలితే నీళ్ళ వేడి మారుతుందట. వెంకటరామారావు సన్నగా, కళ్ళద్దాలతో, నవ్వని మొహంతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జేబులోంచి సీలు వేసిన కవరు తీసి, అందులోంచి ఒక తెల్లబిళ్ళను బల్ల మీద పెట్టాడు.

"ఈ బిళ్ళల ఎంత వేడి ఉందో అందరికీ ముందే తెలుసు. గ్రాముకు ఆరువేల మూడు వందల పద్దెనిమిది కేలరీలు. మీ కవ్వం ఏం చెప్తదో చూద్దాం బసవపున్నయ్యగారూ. పది అటో ఇటో అయితే సరే. దాటిందా, మిషను వస్తది, మనుషులు పోతరు."

కన్నమ్మ కవ్వం తాడును దగ్గరికి లాక్కుంది.

బసవపున్నయ్య చెంబు మూత బిగిస్తూ, తల తిప్పకుండానే, "సీతా, పుల్ల ఆ బీరువాల ఉంది, తీస్కో" అన్నాడు. మాట నోరు దాటాక ఆయనకు ఏదో గుర్తొచ్చినట్టుంది. గిరుక్కున తిరిగాడు. అప్పటికే బీరువా తెరుచుకుంది.

లోపల, సీసాల వెనక, ఆకుపచ్చ చీర మూట.

సీతారావమ్మ బీరువా తలుపు చాటున దాన్ని విప్పింది. చీర మధ్యలో, పెళ్ళికొడుకులా నూనె రాసుకుని, నిగనిగలాడుతూ మోటారు కూర్చుని ఉంది. దానికి దారంతో ఒక చీటీ కట్టి ఉంది. ఆయన గుండ్రటి అక్షరాలు. ఆమె పెదవులు కదిలిస్తూ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. *మోటారు. బాగానే ఉంది. నెలకోసారి నూనె వేయాలి. ఎవరికీ చెప్పవద్దు.* పక్కనే ఆ చిన్న సుత్తి. దాని చీటీ మీద, *ఇదీ బాగానే ఉంది.*

కింద తారీఖులు ఉన్నాయి. మోటారు చీటీ మీద ఉన్నది కన్నమ్మ మొగుడు గోదావరి దాటిన నెల. సుత్తి చీటీ మీద ఉన్నది బొజ్జయ్య చెట్టు మీంచి పడిన నెల.

ఆమె నోట్లోకి ఒకేసారి నాలుగు తిట్లు వచ్చాయి. చీరకు ఒకటి, నిర్మలాదేవికి ఒకటి, రిజిస్టరులో రాసిన అబద్ధానికి ఒకటి, తనతో చెప్పనందుకు అన్నిటికన్నా పెద్దది ఒకటి. నోరు తెరిచింది. తాడు పట్టుకుని బిక్కుబిక్కుమంటున్న కన్నమ్మ కనిపించింది. నోరు మూసింది. ఇరవై రెండేళ్ళలో ఆమె మింగిన మొదటి తిట్లు అవి.

"ఏమైందమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"పుల్ల దొరికింది" అని బీరువా మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

పరీక్ష మొదలైంది. అంటించే ముందు అయిదు నిమిషాలు, అంటించాక అయిదు నిమిషాలు, నిమిషానికోసారి తట్టి, భూతద్దంలో చూసి రాసుకోవాలి. సీతారావమ్మ తట్టింది. ఆఫీసరు చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇదేంది, కవ్వం ఆగి ఆగి తిరుగుతుంది?"

నిజమే. కన్నమ్మ చెయ్యి ఒకసారి ఉరుకుతోంది, ఒకసారి నిలబడుతోంది.

"కన్నమ్మా, పాట" అన్నాడు బసవపున్నయ్య మెల్లగా.

"వస్తలేదు సారూ. పెద్దసారు చూస్తుండు." పాట లేకపోతే ఆమెకు నలభై లేదు. నలభై లేకపోతే పని లేదు.

బసవపున్నయ్య గదంతా చూశాడు. చూపు భార్య మీద ఆగింది.

"సీతా, నన్ను తిట్టు."

"ఏందీ?"

"పొద్దున పొయ్యి దగ్గర తిట్టినట్టే. అదే వేగం. జల్దీ!" ఆఫీసరు వైపు తిరిగి, "ఇది మా పద్ధతిలో భాగమే సార్" అన్నాడు.

ఇలాంటి వరం ఏ భార్యకు దొరుకుతుంది? సీతారావమ్మ గొంతు సవరించుకుంది.

"గడియ చేసిరి, గోడ దూకిస్తిరి! తెరను కడితిరి, దోమలకు పెడితిరి! ఊకపొయ్యి పెడితిరి, ఊపిరి తీస్తిరి! గొడుగు కుడితిరి, నన్ను తడిపిస్తిరి!"

రెండో తిట్టుకే కన్నమ్మ చెయ్యి దారిలో పడింది. నాలుగో తిట్టుకు కవ్వం నలభైకి వచ్చింది. బసవపున్నయ్య ప్రతి తిట్టుకూ తల ఊపుతూ గడియారం చూశాడు. మీట నొక్కాడు. చెంబులో బిళ్ళ భగ్గుమన్నది. పాదరసం నిచ్చెన ఎక్కడం మొదలెట్టింది.

కానీ పొయ్యి దగ్గరైతే నడుమ నడుమ ఉప్పు, పప్పు, పోపు అంటూ గడిచిపోతుంది. ఇక్కడ వట్టి తిట్లే. ఏడో నిమిషానికి ఇరవై రెండేళ్ళ సరుకూ అయిపోయింది. మిగిలిందల్లా బీరువాలో ఉన్నదే. అది నాలుక కొసన కూర్చుని గెంతుతోంది.

"చీర... చీర దాస్తిరి..."

బసవపున్నయ్య కళ్ళు మూసుకున్నాడు.

"...చీర దాచిందెవరో కనిపెట్టకపోతిరి! పొరుగామె మీద నింద వేయిస్తిరి!" అని ఆమె బండిని గట్టుకు తిప్పింది. అక్కడా సరుకు అయిపోయింది. ఇంకా రెండు నిమిషాలుంది. కవ్వం తడబడబోయింది. సీతారావమ్మ కళ్ళు గదంతా వెతికి, కుర్చీలో కొత్త సరుకును కనిపెట్టాయి.

"హైదరాబాదు నుంచి సారు వస్తిరి! ముద్ద తినకనే లెక్కకు కూర్చుంటిరి! పుల్లలెక్క ఉంటిరి, పొల్లు అవుతిరి! ఇంట్ల పెట్టరో ఏమో, ఎండిపోతిరి!"

వెంకటరామారావు పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. తరువాత అదీ ఆ వేగానికే కదిలింది. పదో నిమిషం దాకా ఆ గదిలో కవ్వం, పుల్ల, పెన్సిలు, నోరు, నాలుగూ కలిసి ఒకే తాళంలో నడిచాయి.

ఆఫీసరు లెక్క కట్టాడు. మళ్ళీ కట్టాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మూడోసారి కట్టాడు.

"ఆరువేల మూడు వందల పదిహేను."

"అంటే?" అన్నది కన్నమ్మ.

"మూడు తక్కువ. హెడ్డాఫీసుల మోటారు మిషనుకు ఏడు తేడా వస్తది." ఆయన రిపోర్టు తీసి రాస్తూ పైకి చదివాడు. "చేత్తో కలుపు పద్ధతి తృప్తికరం. ఇద్దరు మనుషులూ ఉండవలెను." కలం ఆపి తలెత్తాడు. "మరి ఈ అమ్మగారిని ఏమని రాయమంటరు?"

"ఇంటి నుంచి తెచ్చిన సామాను సార్" అన్నాడు బసవపున్నయ్య.

సీతారావమ్మ రబ్బరు పుల్లతో ఆయన నెత్తిన ఒక్కటి తట్టింది. పాదరసం ఎక్కడైనా పట్టుకుందేమో చూసినట్టు.

ఆఫీసరును వీళ్ళింట్లోనే భోజనానికి కూర్చోబెట్టారు. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. ఆయన జీపు వెళ్ళాక ఆమె మొగుడి వైపు తిరిగింది.

"చీరెందుకు? ఇంట్ల పాతగుడ్డ దొరకలేదా?"

"మంచి మోటారు సీతా. దుమ్ము పడితే పాడైతది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే కాలనీకి చెప్పినట్టే గదా."

ఆమె విసురుగా వంటింట్లోకి పోయింది. భోజనంలో మిగిలిన లేత వెదురుకొమ్ముల కూర గిన్నెలో పెట్టుకుని పక్కింటి తలుపు కొట్టింది.

"ఏంది వదినా, ఏం పండగ?" అన్నది నిర్మలాదేవి బిత్తరపోయి.

"తిను. ఎందుకని అడగకు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఆకుపచ్చ రంగు నీకు నిజంగనే నప్పుతది."

మర్నాడు పొద్దున మామూలే. ఆయన పీట వేసుకుని చక్రం తిప్పాడు, ఆమె తిట్టింది. నిన్న సరుకు అయిపోయింది కాబట్టి కొత్తవి కల్పించుకోవలసి వచ్చింది. ఆయన వింటూ, నవ్వు ఆపుకుంటూ, కాఫీ తాగి ల్యాబుకు పోయాడు. వాగు తగ్గింది, కుంటుకుంటూ బొజ్జయ్య వచ్చాడు. కాసేపటికి కిటికీలోంచి కన్నమ్మ పాట వినిపించింది.

సీతారావమ్మ మధ్యాహ్నానికి అన్నం ఎసరు పెట్టి, పొయ్యి ముందు కూర్చుంది. ఒక చేతిలో చేట, ఇంకో చేతిలో బియ్యం. కుడికాలు చాపి, చక్రం పుల్లల మధ్య బొటనవేలు దూర్చి ఒక్క తోపు తోసింది. చక్రం బుర్రుమని తిరిగింది. అది పొయ్యికి బిగించిన నాటి నుంచీ మధ్యాహ్నాలు ఆమె బొటనవేలికే తిరుగుతోంది.

ఆ చక్రానికి కూడా ఒక చీటీ కట్టాలనిపించింది ఆమెకు. *బాగానే ఉంది. ఆయనకు చెప్పవద్దు.*